చేతులతో గుండెను వినిన డాక్టరమ్మ - హెలెన్ టాసిగ్ జీవిత చరిత్ర

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములోని పుట్టు గ్రుడ్డివాని సంగతి మనమందరము వినియున్నాము. వానిని చూచినప్పుడు శిష్యులు మొదట అడిగినది వానికి చూపు ఎట్లు వచ్చునని కాదు. తప్పు ఎవరిది, వానిదా, వాని తల్లిదండ్రులదా అని అడిగిరి. ప్రభువు ఆ ప్రశ్నను ప్రక్కకు నెట్టి, వాని కొరకు పని చేయుటకు పూనుకొనెను. మన పల్లెలలో నేటికిని ఆ పాత ప్రశ్నయే మొదట వచ్చుచున్నది. ఒక బిడ్డ పెదవులు నీలముగా నున్నను, పాలు త్రాగుచు ఆయాసపడుచున్నను, ఇరుగుపొరుగువారు తల్లి ముఖము చూచి గుసగుసలాడుదురు. పెద్దల పాపము తగిలినదనువారు కొందరు, దిష్టి అనువారు కొందరు, బిడ్డ వ్రాత అంతేయనువారు మరికొందరు. ఈ బిడ్డను ఎవరికి చూపవలెను, ఏమి చేయవచ్చును అని అడుగువారు తక్కువ.

ఈ నెల మేము మీ ముందుంచుచున్న జీవిత చరిత్ర, ఏమి చేయవచ్చునని జీవితమంతయు అడిగిన ఒక స్త్రీది. ఆమె పేరు హెలెన్ టాసిగ్. ఆమె ప్రసంగి కాదు, మిషనరీ కాదు. అమెరికా దేశపు పిల్లల వైద్యురాలు. పుట్టుకతో గుండె లోపము గల బిడ్డలలో అనేకులకు ఏ చికిత్సయు లేని దినములలో, ఆమె ఆ బిడ్డలను విడిచిపెట్టక పదునాలుగేండ్లు పరీక్షించుచు, వారి లోపమేమో నేర్చుకొనుచు నిలిచెను. చికిత్స వచ్చిన దినమున ఆమె నేర్చిన విద్యయే దానికి పునాది ఆయెను.

ఆమె 1898వ సంవత్సరము మే నెల 24వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి పట్టణములో పుట్టెను. నలుగురు బిడ్డలలో కడగొట్టుది. తండ్రి ఫ్రాంక్ టాసిగ్ హార్వర్డు విశ్వవిద్యాలయములో పేరుగాంచిన అర్థశాస్త్ర ప్రొఫెసరు. ఇంటిలో పుస్తకములకు కొదువ లేదు. అయినను ఆ చిన్నదానికి చదువు లొంగలేదు. పుస్తకము తెరవగా అక్షరములు తారుమారై కనబడును. అది బుద్ధి లేకపోవుట కాదు, చదువుటయందు కొందరికి పుట్టుకతో వచ్చు ఇబ్బంది అని నేడు వైద్యులు చెప్పుచున్నారు. నాటి ఉపాధ్యాయులకు ఆ సంగతి తెలియదు. తండ్రి మాత్రము బిడ్డను తిట్టక, దగ్గర కూర్చుండబెట్టుకొని, ఓపికతో మాట వెంట మాట చదివించెను.

ఆమెకు పదకొండేండ్లప్పుడు తల్లి క్షయవ్యాధితో చనిపోయెను. ఆ వ్యాధియే హెలెనుకును సోకెను. కొన్ని యేండ్ల వరకు ఆమె బడికి ఒక్క పూట మాత్రమే పోగలిగెను. తల్లి లేని లోటు, దేహములో నీరసము, పుస్తకము చూచిన భయము, ఈ మూటితో ఆమె పెరిగి పెద్దదాయెను.

కాలేజీ చదువు 1921లో కాలిఫోర్నియాలో ముగించి, వైద్యము నేర్చుకొనవలెనని ఆమె హార్వర్డుకు పోయెను. అక్కడి వైద్య కళాశాల ఆ దినములలో స్త్రీలను చేర్చుకొనదు. ప్రజారోగ్య శాఖ పెద్దను అడుగగా, స్త్రీలు వచ్చి చదువుకొనవచ్చును గాని పట్టము మాత్రము ఇయ్యబడదని తెలియవచ్చెను. పట్టము లేని చదువునకు ఎవరు వత్తురని ఆమె ఆశ్చర్యపడెను. ఒక్క తరగతిలో కూర్చుండుటకు సెలవు దొరికెను గాని, మగ విద్యార్థులకు దూరముగా కూర్చుండవలసి వచ్చెను.

మన దేశమునకు స్త్రీ వైద్యులను పంపిన అమెరికాలోనే స్త్రీలకు ఇట్టి అడ్డులుండెనా అని మీరు ఆశ్చర్యపడవచ్చును. ఉండెను. 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకు, బిడ్డలకు వైద్యము చేసిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ సహితము స్త్రీల కొరకే ప్రత్యేకముగా పెట్టిన కళాశాలలో చదివినదే.

హెలెను బోస్టన్ విశ్వవిద్యాలయమునకు పోయి శరీర నిర్మాణ శాస్త్రము చదువుచుండగా, అక్కడి ప్రొఫెసరు ఆమె చేతికి ఒక ఎద్దు గుండెను ఇచ్చి, ఒక పెద్ద అవయవమును గూర్చి శ్రద్ధగా నేర్చుకొనుట నీకు మేలగునని సలహా చెప్పెను. ఆ దినము చేతికి వచ్చిన గుండెను ఆమె జీవితాంతము విడువలేదు. తరువాత బాల్టిమోరు పట్టణములోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల ఆమెను చేర్చుకొనెను. ఆ కళాశాల 1893లో తెరువబడక ముందే కొందరు స్త్రీలు ధనము కూర్చి, మగవారితో సమానముగా స్త్రీలను చేర్చుకొనవలెనని షరతు పెట్టి ఇచ్చిరి. ఆ దాతలలో ఎవరికిని టాసిగ్ పేరు తెలియదు. వారు నాటిన చెట్టు నీడకు ఆమె వచ్చెను. 1927లో ఆమె డాక్టరు పట్టము పొందెను.

1930లో ఆ ఆసుపత్రి పిల్లల విభాగపు పెద్దయైన ఎడ్వర్డ్స్ పార్క్ గారు, గుండె జబ్బు గల పిల్లలను చూచు క్లినిక్కును ఆమెకు అప్పగించిరి. అప్పుడు వచ్చువారిలో ఎక్కువ మంది గొంతు నొప్పి తరువాత కీళ్ళ వాపుతో వచ్చు రుమాటిక్ జ్వరము వలన గుండె చెడిన పిల్లలు. పుట్టుకతో లోపము గల బిడ్డలను కూడ శ్రద్ధగా చదువుమని పార్క్ గారు చెప్పినప్పుడు, ఆమెకు మొదట అంత ఇష్టము లేకపోయెను. బాగుచేయలేని జబ్బును గూర్చి నేర్చుకొని లాభమేమి? ఆ కాలపు వైద్యులందరి తలంపు అదియే. అట్టి బిడ్డలను తల్లిదండ్రులు తెచ్చినయెడల, ఇంటికి తీసికొని పోయి సుఖముగా చూచుకొనుడని చెప్పి పంపుదురు. అయినను ఆమె ఆ పనికి లోబడెను.

ఆ దినములలోనే మరియొక దెబ్బ తగిలెను. చిన్నప్పుడు వచ్చిన కోరింత దగ్గు ఫలితముగా ఆమె వినికిడి తగ్గుచు వచ్చి, ముప్పది యేండ్లు దాటిన కాలమున చెవులు చాల వరకు మూసికొనిపోయెను. గుండె వైద్యునకు చెవి ఎంత అవసరమో మీకు తెలియును. రొమ్మున స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వినుట ఆ విద్యకు మొదటి మెట్టు. చెవులు పోయిన గుండె వైద్యురాలు చూపు పోయిన బాటసారి వంటిది. ఇక ఈ పని మానుకొనుటే మంచిదని అనేకులు తలంచియుందురు.

ఆమె మానుకొనలేదు. వినికిడి యంత్రము పెట్టుకొనెను. ఎదుటివారి పెదవులను చూచి మాట గ్రహించుట నేర్చుకొనెను. శబ్దమును పెంచు స్టెతస్కోపు వాడెను. అంతకు మించి, తన చేతులను చెవులుగా చేసికొనెను. బిడ్డ రొమ్ముపై మెల్లగా అరచేయి ఉంచి, గుండె అదురును, దాని లోపలి వణకును, ఏ ప్రక్క బలముగా కొట్టుచున్నదో, ఏ ప్రక్క బలహీనముగా నున్నదో వ్రేళ్ళతో తెలిసికొనెను. చెవితో వినువారు తప్పిపోవు సంగతులు కూడ ఆమె చేతికి అందెనని తోటివారు చెప్పుకొనిరి. దానికి తోడు ఫ్లోరోస్కోపు అను ఎక్సురే యంత్రము క్రింద బిడ్డను అటు ఇటు త్రిప్పి, కొట్టుకొనుచున్న గుండె ఆకారమును కన్నులార చూచెను. బిడ్డ చనిపోయినప్పుడు తల్లిదండ్రుల సెలవుతో ఆ గుండెను పరీక్షించి, తాను తలంచినది సరియా కాదా అని చూచుకొనెను. కెనడా దేశపు మాడ్ అబ్బట్ అను డాక్టరమ్మ వెయ్యి లోపపు గుండెలను పరిశీలించి 1936లో ఒక పెద్ద గ్రంథము అచ్చువేసెను. టాసిగ్ ఆమె యొద్దకు కూడ పోయి నేర్చుకొనెను.

ఇక్కడ గుండె పనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. మన గుండెలో నాలుగు గదులు కలవు. దేహమంతయు తిరిగి నల్లబారిన రక్తము కుడి గదులకు చేరును. అక్కడి నుండి ఒక పెద్ద నాళము ద్వారా ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువు నింపుకొని ఎర్రనై ఎడమ గదులకు వచ్చును. ఎడమ గది ఆ ఎర్ర రక్తమును దేహమంతటికి కొట్టును. కుడి ఎడమల నడుమ చేనిగట్టు వలె ఒక గోడ కలదు. తల్లి గర్భములో గుండె తయారగునప్పుడు ఎక్కడనైన ఆ గట్టు పూర్తిగా కట్టబడక రంధ్రము మిగులవచ్చును. నాళము ఇరుకుగా ఏర్పడవచ్చును. ఒక్కొక్కప్పుడు నాలుగు లోపములు కలిసియుండును. ఊపిరితిత్తులకు పోవు దారి ఇరుకు, గోడలో రంధ్రము, దేహమునకు పోవు పెద్ద నాళము ఆ రంధ్రముపై కూర్చుండుట, కుడి గది కండరము దళసరి యగుట. ఫ్రాన్సు దేశపు మార్సెయి పట్టణములోని ఫాలో అను వైద్యుడు 1888లో దీనిని వివరించి వ్రాసెను గనుక అతని పేరుతోనే పిలుతురు. అట్టి బిడ్డలో నల్లరక్తము ఊపిరితిత్తులకు చాలినంత పోలేక, రంధ్రము గుండ పొర్లి దేహములోనికి పోవును. అందువలన పెదవులు, నాలుక, గోళ్ళు నీలమగును. నీలి బిడ్డలనగా వీరే.

ఈ నీలి బిడ్డలను టాసిగ్ దినదినము చూచెను. నాలుగడుగులు నడచి, ఆయాసపడి, గొంతు కూర్చుండు పిల్లలను కనిపెట్టెను. ఎవరును నేర్పకయే ఆ పిల్లలు అట్లు కూర్చుందురు. మోకాళ్ళు ముడిచి కూర్చుండగా కాళ్ళ వైపు రక్తము పోవుట తగ్గి, ఊపిరితిత్తులకు మరికొంత పోవును. బిడ్డకు ఊపిరి కొంత నెమ్మదించును. చూడనేర్చిన వైద్యురాలికి ఆ కూర్చుండుటలోనే జబ్బు పేరు కనబడెను.

మరియొక వింతను ఆమె కనిపెట్టెను. కొందరు నీలి బిడ్డలు పుట్టినప్పుడు బాగుగనే యుండి, కొన్ని దినములకో వారములకో హఠాత్తుగా నీలి తిరిగి చనిపోవుచుండిరి. ఎందువలన? గర్భములో బిడ్డ ఊపిరితిత్తులతో గాలి పీల్చదు. కావున ఊపిరితిత్తుల నాళమునకు, దేహమునకు పోవు పెద్ద నాళమునకు మధ్య ఒక చిన్న అడ్డదారి యుండును. పుట్టిన కొద్ది దినములకు అది దానంతట అదే మూసికొనును. ఆరోగ్యము గల బిడ్డకు అది మూసికొనుటే మేలు. నీలి బిడ్డకు మాత్రము ఆ అడ్డదారి తెరచియున్నంత కాలము, దాని గుండ ఊపిరితిత్తులకు రక్తము అందుచుండును. అది మూసికొనిన దినముననే గండము. అసలు కాలువ పూడిపోయి, పిల్లకాలువ నీటితో బ్రతుకుచున్న చేనికి ఆ పిల్లకాలువ కూడ కట్టివేసినట్లాయెను.

సేద్యము చేయు మనకు ఆమెకు కలిగిన తలంపు సులువుగా తెలియును. పిల్లకాలువ మూసికొనినయెడల క్రొత్తది త్రవ్వరాదా? 1938లో బోస్టన్ పట్టణములో రాబర్ట్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు, మూసికొనవలసియుండియు మూసికొనని అడ్డదారిని ఏడేండ్ల పాపలో దారముతో కట్టి బాగుచేసెను. మూయగలిగినవాడు తెరువగలడని తలంచి టాసిగ్ ఆయన యొద్దకు పోయి అడిగెను. ఆయనకు ఆ మాట రుచింపలేదు. ఆమె వట్టి చేతులతో బాల్టిమోరుకు తిరిగి వచ్చెను. అయినను తన తలంపును పారవేయలేదు. శస్త్రచికిత్స ఆమె పని కాదు. అది చేయగల చేతులు వచ్చువరకు కనిపెట్టెను.

1941లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అను శస్త్రవైద్యుడు ఆ ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగమునకు పెద్దగా వచ్చెను. ఆయన వెంట వివియన్ థామస్ అను నల్లజాతి యువకుడు వచ్చెను. ఈ థామసును గూర్చి చెప్పక ఈ చరిత్రను ముగించుట న్యాయము కాదు. ఆయన 1910లో పుట్టి, టెన్నెస్సీ రాష్ట్రపు నాష్‌విల్ పట్టణములో పెరిగి, వడ్రంగము నేర్చెను. డాక్టరు కావలెనని కూలి సొమ్ము కూడబెట్టెను. 1930 ప్రాంతమున బ్యాంకు దివాలా తీయగా ఆ సొమ్మంతయు పోయెను. కాలేజీ మెట్టు ఎక్కకయే బ్లేలాక్ గారి ప్రయోగశాలలో పనికి కుదిరెను. శస్త్రవైద్యుని పని నేర్చెను గాని, జీతపు పుస్తకములో ఆయన ఊడ్చువాడుగా వ్రాయబడెను. బాల్టిమోరు ఆసుపత్రిలో ఆ దినములలో నల్లవారికి వేరు మరుగుదొడ్లు. ఆయన తెల్లకోటు తొడిగి వరండాలో నడచినప్పుడు జనులు నిలిచి వింతగా చూచిరి.

టాసిగ్ బ్లేలాకు గారి యొద్దకు పోయి నీలి బిడ్డల సంగతి వివరించెను. బ్లేలాక్ ఆ పనిని థామస్ చేతిలో పెట్టెను. సుమారు రెండేండ్లు, సుమారు 200 కుక్కలపై థామస్ ఆ కుట్టు పని నేర్చి సిద్ధపరచెను. మొదట కుక్కలో నీలి జబ్బు వంటిదానిని కలిగించి, పిదప దానిని బాగుచేయవలెను. చేతికి పోవు రక్తనాళమును త్రుంచి, దాని కొనను ఊపిరితిత్తుల నాళమునకు కుట్టుట వారి పద్ధతి. అగ్గిపుల్లంత నాళములు. సన్నని సూదులు ఆ కాలమున దొరకనందున థామస్ ఉన్నవాటిని తన చేతులతో కత్తిరించి సానబట్టెను. వడ్రంగి కొడుకు చేతిపనితనము అక్కడ అక్కరకు వచ్చెను.

1944వ సంవత్సరము నవంబరు 29వ తేదీ. ఆపరేషను బల్లపై పదునైదు నెలల ఆడశిశువు. తూకము సుమారు 4 కిలోలు మాత్రమే. మన యింట నెలల పసిగుడ్డు తూకమది. బ్లేలాక్ గారు కత్తి పట్టిరి. ఆ కుట్టును ఆయన కంటె ఎక్కువ మారులు చేసినవాడు థామస్. కావున థామస్ ఒక ముక్కాలిపీట మీద ఎక్కి, ఆయన భుజము వెనుక నుండి చూచుచు, సూది ఎటు పోవలెనో మెల్లగా చెప్పుచుండెను. టాసిగ్ బిడ్డ తలవైపు నిలిచెను. కుట్టు పూర్తియై బిగింపులు వదలగా రక్తము క్రొత్త దారిని పారెను. బిడ్డ బ్రతికెను. అయితే ఆ సంతోషము నిలువలేదు. కొన్ని నెలలకు మరల నీలి తిరుగగా రెండవ ఆపరేషను చేసిరి. రెండేండ్లు నిండకయే ఆ పాప చనిపోయెను. మేము దీనిని దాచుట లేదు. మొదటి బిడ్డ తల్లిదండ్రులు తమ బిడ్డను ఆ బల్లపై ఉంచినందుననే తరువాతి వేలాది బిడ్డలకు దారి తెరువబడెను.

1945 ఫిబ్రవరిలో మరి ఇద్దరికి ఆపరేషను జరిగెను. వారిలో ఆరేండ్ల బాలుడొకడు. నేరేడు పండు వలె నల్లనై యుండిన వాని పెదవులు, బిగింపులు వదలిన వెంటనే బల్లమీదనే గులాబి రంగు తిరిగెను. నడువలేనివాడు నడచెను, ఆడుకొనెను. ఆ సంవత్సరము మే నెలలో బ్లేలాక్, టాసిగ్ ఈ ముగ్గురి సంగతి వైద్య పత్రికలో ప్రకటించిరి. లోకమంతటి నుండి తల్లిదండ్రులు నీలి బిడ్డలను చంకనెత్తుకొని బాల్టిమోరుకు వచ్చిరి. ఆరేడేండ్లలో ఒక్క ఆ ఆసుపత్రిలోనే వెయ్యికి మించి ఆపరేషనులు జరిగెను.

ఆ ప్రకటనలో థామస్ పేరు లేదు. ఆపరేషనుకు పెట్టిన పేరులో కూడ లేదు. ఎన్నో యేండ్లు ఆయన యువ శస్త్రవైద్యులకు కుట్టు నేర్పి, తాను మాత్రము డాక్టరని పిలువబడకయే యుండెను. 1976లో ఆ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము ఇచ్చెను. 1985లో ఆయన చనిపోయెను. ఇప్పుడు అనేకులు ఆ ఆపరేషనును ముగ్గురి పేర్లతో పిలుచుచున్నారు. ప్రియులారా, పని చేసినవారి పేరు వ్రాయబడకపోవుట ఎట్టిదో మన సంఘములలో చాలమందికి ఎవరును చెప్పనక్కరలేదు. కుడిచేతి పని ఎరిగిన తండ్రి యొకడు కలడని మనము నమ్ముచున్నాము. అయినను మనుష్యుల పుస్తకములో కూడ న్యాయము వ్రాయబడుట మనుష్యుల బాధ్యతయే.

టాసిగ్ 1947లో పుట్టు గుండె లోపములను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. చిన్ననాడు అక్షరములతో పెనుగులాడిన చిన్నదే ఆ గ్రంథకర్త్రి. అనేక దేశముల యువ వైద్యులు ఆమె యొద్దకు వచ్చి నేర్చుకొనిరి. మన దేశపు పద్మావతి డాక్టరమ్మ వారిలో ఒకరు. ఆమె తిరిగి వచ్చి ఢిల్లీలో గుండె వైద్యమునకు పునాది వేసి, నూరేండ్లు దాటి జీవించి, 2020లో కన్నుమూసెను. టాసిగ్ యొద్ద నేర్చిన విద్య అట్లు మన దేశమునకు వచ్చెను. 1960ల ఆరంభమున మనకు తెలిసిన రాయవేలూరు క్రైస్తవ ఆసుపత్రిలో గుండెను తెరచి బాగుచేయు శస్త్రచికిత్సలు మొదలాయెను.

1962 జనవరిలో ఆమె శిష్యుడైన ఒక జర్మను వైద్యుడు చెప్పిన వార్త ఆమెను కలవరపెట్టెను. పడమటి జర్మనీలో చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని బిడ్డలు అనేకులు పుట్టుచుండిరి. గర్భిణీలు నిద్ర కొరకు, వాంతుల కొరకు వాడిన థాలిడోమైడ్ అను మాత్ర దానికి కారణమని తెలియవచ్చెను. అరువది మూడేండ్ల ఆమె వెంటనే విమానమెక్కి పోయి, ఆసుపత్రులలో ఆ బిడ్డలను తానే చూచి, తిరిగి వచ్చి తన దేశపు వైద్యులను, శాసనసభ్యులను హెచ్చరించెను. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అను అధికారిణి ఆ మాత్ర అమ్మకమునకు అంతకు ముందే సెలవియ్యక నిలిపియుంచెను. ఆ సంవత్సరమే మందులను గూర్చి కఠినమైన చట్టము అక్కడ చేయబడెను.

గౌరవములు ఆలస్యముగా వచ్చెను. ఆమె పేరు లోకమంతయు తెలిసిన తరువాత, 1959లో గాని ఆమె పూర్తి ప్రొఫెసరు కాలేదు. 1964లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆ దేశ పౌరులకిచ్చు గొప్ప పతకమును ఆమెకు ఇచ్చెను. 1965లో అమెరికా గుండె వైద్య సంఘమునకు అధ్యక్షురాలాయెను. ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె వివాహము చేసికొనలేదు. తన యొద్ద బాగుపడి పెద్దవారైన పిల్లల యోగక్షేమములు ఏండ్ల తరబడి తెలిసికొనుచుండెను. ముసలితనమున అడవి పక్షుల గుండెలను పరిశోధించెను. వాటిలో కూడ మనుష్య శిశువుల లోపముల వంటివే కనబడెను. పక్షి ఏ పాపము చేసినదని దాని గుండెలో రంధ్రము? ఈ లోపములు ప్రాణి రూపము తయారగు కాలమున కలుగు సంగతులు గాని, ఎవరో చేసిన దోషమునకు శిక్ష కావు. 1986 మే నెలలో, ఎన్నికల దినమున స్నేహితురాండ్రను ఓటు వేయుటకు తన కారులో తీసికొని పోవుచు ప్రమాదములో ఆమె మరణించెను. ఎనుబది యెనిమిదేండ్లు నిండుటకు కొద్ది దినములే తక్కువ.

ప్రియ సంఘస్థులారా, ఈ చరిత్ర మన వాకిట ఏమి పలుకుచున్నది? పుట్టిన వెయ్యి మంది బిడ్డలలో సుమారు ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో యొక లోపముండును. మన మండలములో కూడ అట్టి బిడ్డలు కలరు. పసిబిడ్డ పాలు త్రాగుచు మాటిమాటికి ఆగి ఆయాసపడుట, నుదుట చెమటలు పట్టుట, తూకము పెరుగకుండుట, పదేపదే నిమ్ము చేయుట, పెదవులు నాలుక నీలమగుట, పెద్ద పిల్లలు పరుగెత్తి గొంతు కూర్చుండుట, ఈ గుర్తులను తల్లులు, అమ్మమ్మలు గమనింపవలెను. నీలి బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊపిరాడక మరింత నీలి తిరిగినయెడల, బిడ్డ మోకాళ్ళను రొమ్మునకు ఆనించి ముడిచి పట్టుకొని వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

టాసిగ్ చేతితో తడవి తెలిసికొనినది నేడు ఎకో అను పరీక్ష నొప్పి లేకుండ తెరపై చూపును. కొన్ని చిన్న రంధ్రములు వాటంతట అవే మూసికొనును. కొన్నిటిని తొడ నాళము గుండ సన్నని గొట్టము పంపి, రొమ్ము కోయకయే మూయుదురు. కొన్నిటికి ఆపరేషను కావలెను. ఆలస్యమైనకొలది కొన్ని లోపములు బాగుచేయలేనివగును. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుండి బీద బిడ్డలకు ప్రభుత్వపు ఖర్చుతో ఈ ఆపరేషనులు జరుగు మార్గము ఏర్పడినది. 2013లో మొదలైన జాతీయ పథకము క్రింద వైద్యులు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షింతురు. ఆ దినమున మీ బిడ్డను ఇంట నిలుపకుడి.

గర్భిణీలు వైద్యుని అడుగక ఏ మాత్రయు మ్రింగరాదు. దగ్గర రక్తసంబంధములోని పెండ్లిండ్ల వలన ఇట్టి లోపముల అవకాశము కొంత పెరుగునని వైద్యులు చెప్పుచున్నారు. సంబంధములు కలుపు పెద్దలు దీనిని ఆలోచింపవలెను. అయితే బిడ్డ పుట్టిన తరువాత తల్లిని నిందించుటకు ఈ మాటను ఎవరును వాడరాదు. చిన్నప్పుడు ఆపరేషనైన యువతీ యువకులు బాగుపడితిమని పరీక్షలు మానరాదు. అట్టి అమ్మాయిలు గర్భము ధరింపక ముందే గుండె వైద్యుని సలహా తీసికొనవలెను.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి, దారి లేకపోగా ఇంటికప్పు విప్పి దించిరి. వారికి స్వస్థపరచు వరము లేదు. మోయుటకు భుజములు మాత్రము ఉండెను. మన సంఘములో ఒక నీలి బిడ్డ తల్లి పట్టణమునకు ఒంటరిగా పోవలసి వచ్చినయెడల, బస్సు ఛార్జీకి కొంత చందా, కాగితములు చదువగల యొక పడుచువాడు, ఆసుపత్రి వరండాలో రాత్రి తోడు పండుకొనుటకు ఒక అక్క, ఇంటివద్ద మిగిలిన పిల్లలకు అన్నము పెట్టుటకు ఒక అత్త, ఈ నాలుగు మూలలు మనము పట్టుకొనగలము. ఈ నెల స్త్రీల సమాజపు కూటములలో ఏ యింట ఇట్టి బిడ్డ కలదో విచారించి, గురువులకు తెలియజేయుడి. ప్రార్థనలో ఆ బిడ్డ పేరు చెప్పుదము. మరుసటి దినము ఉదయపు బస్సులో ఆ బిడ్డతో కూడ ఎక్కుదము.